మూడు ప్రాజెక్టులు, ఒకే ఎఫ్‌5: ఇమాక్స్ ఎప్పుడూ పాత ప్రాజెక్టునే కంపైల్ చేస్తోంది

గడియారం_పక్కన
రెండు రోజులుగా దీనితోనే సరిపోతోంది, ఎవరైనా దారి చూపండి. ఉండేది నల్లగొండ, పని మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో. తూకం యంత్రాలకు ప్రోగ్రాములు రాస్తాను. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ ఇమాక్స్‌లో మూడు ప్రాజెక్టులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. మొదటిది లోడ్ సెల్ నుంచి బరువు చదివే బోర్డు ప్రోగ్రాం. సీ భాష, ఏవీఆర్ చిప్పులకు కంపైల్ చేసే ఏవీఆర్-జీసీసీ, దేన్ని ఎలా కంపైల్ చేయాలో మేక్ అనే పనిముట్టుకు చెప్పే మామూలు మేక్‌ఫైలు. రెండోది కౌంటరు దగ్గర తూకం చీటీ ముద్రించే సీ++ ప్రోగ్రాం, అది సీమేక్ అనే బిల్డ్ పనిముట్టుతో. మూడోది గుమస్తాల కోసం తెలుగులో రాస్తున్న వాడుక పుస్తకం, పేజీలు కూర్చే లాటెక్‌లో.

ఎఫ్‌5 కీకి రీకంపైల్ (పోయినసారి కంపైల్‌ను మళ్లీ నడిపే ఆదేశం) కట్టుకున్నాను. మొన్న బోర్డు ప్రోగ్రాంలో ఒక తప్పు దిద్దాను. ఖాళీ గోనె సంచి బరువు తీసేయమంటే రెండోసారి కూడా తీసేస్తోంది, అదీ తప్పు. దిద్ది ఎఫ్‌5 నొక్కాను. కంపైలేషన్ పూర్తయిందని కింద పచ్చగా వచ్చింది. బోర్డులోకి ఎక్కించి, బస్సెక్కి మిల్లుకు వెళ్లి, లారీ ముందు నిలబడి పరీక్షిస్తే పాత తప్పు అలాగే ఉంది. ఇంటికొచ్చి చూస్తే ఎఫ్‌5 కంపైల్ చేసింది చీటీ ప్రోగ్రామును! అంతకుముందు పని చేసింది అందులోనే కదా. బోర్డుకు ఎక్కింది వారం కిందటి ఫైలు. "నీ కంప్యూటర్ కన్నా మా పాత కాటా నయం" అన్నాడు మిల్లు యజమాని, హమాలీలందరూ వింటుండగా.

నేను ఏ ఫైల్లో ఉంటే ఆ ప్రాజెక్టే కంపైల్ కావాలి. అంతే. దీనికి పద్ధతి ఏమిటి?

మూడో_బెంచీ
వీఎస్ కోడ్ పెట్టుకోండి అన్నా. అయిపోతుంది.

విమ్ము_వదలను
ఈ వేదికలో ఏ ఎడిటర్ గురించి అడిగినా రెండో జవాబు ఇదే. ప్రశ్న పూర్తిగా చదివావా తమ్ముడూ?

మూడో_బెంచీ
చదివాను. గోనె సంచి దాకా.

ఛాయా_సోమన్న
మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలో నీడ మాత్రం కదలదు. మీ ఎఫ్‌5 కూడా అంతే, మీరు ఏ ఫైలుకు తిరిగినా చీటీ ప్రోగ్రాం మీదే పడుతోంది. తేడా ఒకటే. అది కట్టినవాళ్ల నేర్పు, ఇది కీ కట్టినవారి పొరపాటు.

బత్తాయి_తోట
ఛాయా సోమన్నా, పోలిక బాగుంది, పరిష్కారం ఏది?

గడియారం గారూ, ఒక్కో ప్రాజెక్టు ఫోల్డర్‌లో డైర్-లోకల్స్ అనే ఫైలు పెట్టండి. పేరు ముందు చుక్క, చివర ఈఎల్ ఉండాలి. అందులో కంపైల్-కమాండ్ అనే వేరియబుల్‌కు ఆ ప్రాజెక్టుకు కావలసిన ఆదేశం రాయండి. బోర్డుకు మేక్, చీటీకి సీమేక్ డ్యాష్ డ్యాష్ బిల్డ్, పుస్తకానికి లాటెక్ ఆదేశం. ఆ ఫోల్డర్‌లోనూ దాని లోపలి ఫోల్డర్లలోనూ తెరిచే ప్రతి ఫైలుకూ అదే వర్తిస్తుంది. నేను నాలుగేళ్లుగా ఇలాగే నడుపుతున్నాను. ఒక జాగ్రత్త ఉంది. ఇప్పటికే తెరిచి ఉన్న ఫైళ్లకు ఇది తనంతట తాను అంటదు. వాటిని మూసి మళ్లీ తెరవాలి.

గడియారం_పక్కన
అక్కా, చెప్పినట్టే చేశాను. సగం పని అయింది, మిగతా సగం ఇంకా విచిత్రంగా మారింది. బోర్డు ఫైల్లో ఎఫ్‌5 నొక్కితే ఇప్పుడు సరిగ్గా మేక్ ఆదేశమే నడుస్తోంది, కానీ చీటీ ప్రోగ్రాం ఫోల్డర్‌లో నడుస్తోంది! అక్కడ మేక్‌ఫైలు లేదని తిట్టి ఆగిపోతోంది. అంటే మనిషి మారాడు గానీ ఇల్లు మారలేదు. పైగా ఫైలు తెరిచినప్పుడల్లా ఈ విలువ నమ్మదగినదేనా అని అడుగుతోంది. నేను రాసిన ఫైలును నేనే నమ్మనా?

విమ్ము_వదలను
కంపైల్ చేయడానికి ముందు ఎడిటర్‌తో వాదించాల్సిన పరిస్థితి. పాపం.

పాలమూరు_మర్రి
నవ్వకండి, ఇది తెలియక నేనూ ఒక ఏడాది బాధపడ్డాను. ఇక్కడ రెండు వేర్వేరు జ్ఞాపకాలున్నాయి, వాటిని కలిపి చూస్తే అర్థం కాదు.

ఒకటి, ఆదేశం. కంపైల్ అని పిలిచి మీరు చేత్తో టైపు చేసిన ఆదేశాన్ని ఇమాక్స్ కంపైల్-కమాండ్‌లో దాచుకుంటుంది. డైర్-లోకల్స్ లేకపోతే ఆ పెట్టె అన్ని ఫైళ్లకూ ఉమ్మడి. ఒక ప్రాజెక్టులో రాసింది ఇంకో ప్రాజెక్టులోకి వచ్చేది అందుకే. బత్తాయి గారు చెప్పిన మందు ఈ రోగానికే, అది పనిచేసింది.

రెండు, చోటు. ఇది ఎవరూ చూడరు. కంపైల్ నడిచిన ప్రతిసారీ ఏ ఫోల్డర్‌లో నడిచిందో కంపైలేషన్-డైరెక్టరీ అనే వేరియబుల్‌లో ఉండిపోతుంది. రీకంపైల్ ముందుగా దాన్నే చూస్తుంది. అది ఖాళీగా ఉంటేనే మీ ఫైలున్న ఫోల్డర్‌కు వెళుతుంది. కాబట్టి ఆదేశం ఇప్పటి ఫైలుది, ఫోల్డర్ పోయినసారిది. మీరు చూసింది సరిగ్గా ఇదే. ఒకే ప్రాజెక్టులో పని చేసేవారికి ఇది వరం. లోపలి ఏ ఫైల్లో ఉన్నా మొదట కంపైల్ చేసిన చోటికే పోతుంది కదా. మూడు ప్రాజెక్టులవారికి శాపం.

అందుకని ఎఫ్‌5 నుంచి రీకంపైల్ తీసేయండి. ఇమాక్స్ 28 లేదా ఆపైది ఉంటే ప్రాజెక్ట్-కంపైల్ కట్టుకోండి. కంట్రోల్ ఎక్స్, పీ, సీ నొక్కినా అదే. అది ఫైలు ఏ ప్రాజెక్టుదో కనుక్కుని, దాని మొదలు ఫోల్డర్‌కు వెళ్లి, అక్కడ నడుపుతుంది.

ఇక నమ్మకం సంగతి. కంపైల్-కమాండ్ మామూలుగా అయితే అడగకుండానే ఒప్పుకునే వేరియబుల్. మీరు ఆదేశం చూపించి ఎంటర్ కొట్టించుకునే అలవాటును ఆపేసి ఉంటారు. కంపైలేషన్-రీడ్-కమాండ్‌ను నిల్ (ఆఫ్) చేశారా?

గడియారం_పక్కన
చేశాను సార్. ప్రతిసారీ ఎంటర్ కొట్టడం విసుగొచ్చి.

పాలమూరు_మర్రి
అందుకే. నడపబోయే ముందు మీకు ఆదేశం కళ్లకు కనిపిస్తుంటే ఇమాక్స్‌కు భయం లేదు. చూపించకుండా నడపమంటే మాత్రం ముందే ఒకసారి అడిగి తీరుతుంది. అడిగినప్పుడు ఆశ్చర్యార్థకం గుర్తు నొక్కండి, ఆ విలువను ఎప్పటికీ గుర్తు పెట్టుకుంటుంది. ఆదేశాన్ని మారిస్తే మళ్లీ అడుగుతుంది.

కోయిల్‌సాగర్
అడగడం మంచిదే గడియారం గారూ, విసుక్కోకండి. ఎవరో పంపిన జిప్ ఫైలు విప్పి ఒక ఫైలు తెరుస్తారు. అందులో కంపైల్ ఆదేశం పేరుతో మీ హోం ఫోల్డర్‌ను చెరిపేసే ఆదేశం ఉంటే? విమ్ ఎడిటర్‌లో 2019లో మోడ్‌లైన్ (ఫైల్లోనే ఎడిటర్ సెట్టింగులు రాసే వరుస) లోపం బయటపడింది గుర్తుందా, ఫైలు తెరిస్తే చాలు ఆదేశం నడిచిపోయేది. వీఎస్ కోడ్ కూడా 2021 నుంచి ఈ ఫోల్డర్‌ను నమ్ముతారా అని అడుగుతోంది. అందరూ దెబ్బ తిన్నాకే నేర్చుకున్నారు.

విమ్ము_వదలను
విమ్ పేరు ఎత్తారు కాబట్టి నా గోడు కూడా వినండి. విమ్‌లో కంపైల్ ఆదేశం పెట్టుకునే మేక్‌పీఆర్‌జీ అనే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ఒక్కో బఫర్‌కు, అంటే తెరిచిన ఒక్కో ఫైలుకు, వేరుగా పెట్టుకోవచ్చు. ఫలానా ఫోల్డర్ కింది ఫైలు తెరిస్తే ఫలానా ఆదేశం అని ఆటోకమాండ్ రాసుకున్నాను. ఆదేశంలోనే మేక్ డ్యాష్ పెద్ద సీ అని ఫోల్డర్ పేరు కూడా ఇచ్చేశాను. విమ్ ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉందన్న గొడవే లేదు. మూడు వరుసలు, పని ఖతం. మీలాగా ఆత్మపరిశీలన అవసరం రాలేదు.

బత్తాయి_తోట
"గోడు" అని మొదలుపెట్టి గొప్పలు చెప్పారేమిటి?

విమ్ము_వదలను
గోడు ఇప్పుడొస్తోంది. ఫోల్డర్లోకి వెళుతున్నాను, బయటికొస్తున్నాను అని మేక్ ప్రతిసారీ రెండు వరుసలు చెబుతుంది. నాకు చిరాకేసి, నో ప్రింట్ డైరెక్టరీ పెట్టి దాని నోరు మూయించాను. ఆ మర్నాటి నుంచి క్విక్‌ఫిక్స్ అనే తప్పుల జాబితాలో తప్పు మీద ఎంటర్ కొడితే ఖాళీ కొత్త ఫైలు తెరుచుకోవడం మొదలైంది. తప్పు ఉన్న ఫైలు పేరును కంపైలర్ తానున్న ఫోల్డర్ నుంచి చెబుతుంది, విమ్ తానున్న ఫోల్డర్ నుంచి వెతుకుతుంది. ఆ రెంటికీ వంతెన మేక్ చెప్పే ఆ రెండు వరుసలే. వాటిని చదివే విమ్ అసలు ఫైలును పట్టుకుంటుంది. వాగుడు అనుకున్నది చిరునామా అని తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది.

పాలమూరు_మర్రి
ఇమాక్స్ కూడా ఆ వరుసల మీదే ఆధారపడుతుంది. మంచి మాట చెప్పారు, విమ్ మనిషి అయినా.

పుట్టపాక_నూలు
నాకు ఈ చర్చే తలకిందులుగా కనిపిస్తోంది. ఎలా కంపైల్ చేయాలన్నది ఎడిటర్‌కు ఎందుకు తెలియాలి?

మాది మగ్గం ఇల్లు. మా చీర మీద బొమ్మ మగ్గం దగ్గర పుట్టదు. నేయడానికి ముందే నూలుకు చిటికీలు కట్టి రంగులో ముంచుతారు. డిజైన్ మొత్తం నూలులోనే ఉంటుంది. ఆ నూలును మా ఇంటి మగ్గానికి ఎక్కించినా, పక్కింటి మగ్గానికి ఎక్కించినా అదే బొమ్మ వస్తుంది. మీరేమో డిజైన్‌ను మగ్గానికి నేర్పుతున్నారు. రేపు మగ్గం మారిస్తే?

నా పద్ధతి ఇది. ప్రతి ప్రాజెక్టు మొదలు ఫోల్డర్‌లో ఒక మేక్‌ఫైలు ఉండాలి, సీమేక్ ప్రాజెక్టయినా, లాటెక్ పుస్తకమయినా సరే. లోపల అది ఎవరిని పిలుచుకుంటుందో దాని ఇష్టం. సీమేక్ దాంట్లో రెండే వరుసలు. బిల్డ్ ఫోల్డర్ లేకపోతే తయారు చేయి, తరువాత సీమేక్ డ్యాష్ డ్యాష్ బిల్డ్ నడుపు. ఇక ఎడిటర్‌కు తెలియాల్సింది ఒక్కటే ఆదేశం, మేక్. నేను ఇమాక్స్ వాడతాను, మా తమ్ముడు వీఎస్ కోడ్ వాడతాడు, సర్వర్‌లో ఎడిటరే లేదు. ముగ్గురికీ ఒకటే మాట.

పాతబడి_సారు
నూలు గారి మాటకు నా ఓటు. మేక్ వయసు తక్కువేమీ కాదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. అంతకుముందు ఏ ఫైలు మారితే ఏది మళ్లీ కంపైల్ చేయాలో మనిషే గుర్తు పెట్టుకోవాలి. దిద్దిన తప్పు కంపైల్ కాని పాత ఫైల్లో ఉండిపోవడం, దాని కోసం గంటలు వెతకడం, ఆయన చూసిన బాధ కూడా మన గడియారం గారిదే. యాభై ఏళ్ల తర్వాత కొత్త దారిలో అదే గుంతలో పడ్డాం.

మూడో_బెంచీ
సార్, మేక్‌ఫైల్లో ఆదేశం ముందు ట్యాబే ఉండాలన్న సంగతి కూడా ఆయన పనేనా? మొన్న ప్రాక్టికల్ పరీక్షలో ట్యాబుకు బదులు నాలుగు ఖాళీలు పెట్టి అరగంట పోగొట్టుకున్నాను. సెపరేటర్ లేదంటుంది గానీ ఏ సెపరేటరో చెప్పదు.

పాతబడి_సారు
ఆయన పనే. తప్పని తెలిసేసరికే పది పన్నెండు మంది వాడుతున్నారు, వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని మార్చలేదట. ఆ పన్నెండు మంది సుఖం కోసం నీ అరగంట పోయింది.

దేవరకొండ_గుట్ట
నూలు గారి పద్ధతి మంచిదే. కాని మేక్‌ను గుడ్డిగా నమ్మకండి. మా పాత డెస్క్‌టాప్‌లో బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లేది. మేక్ చూసేది ఏ ఫైలు కొత్తదన్న టైము ఒక్కటే కదా. నేను ఇప్పుడే దిద్దిన ఫైలుకు పాత తేదీ పడేది, నిన్న కంపైలై తయారైన ఆబ్జెక్టు ఫైలు దానికన్నా కొత్తదిగా కనిపించేది, చేయాల్సిన పనేమీ లేదని మేక్ సెలవు తీసుకునేది. తప్పు నా ప్రోగ్రాంలో ఉందనుకుని రెండు రాత్రులు వెతికాను. చివరికి ఆ చిన్న గుండ్రటి బ్యాటరీ మార్చితే సరిపోయింది.

ఛాయా_సోమన్న
గడియారం_పక్కన గారి సమస్యకు గడియారమే కారణమని తేలితే బాగుండేది.

గడియారం_పక్కన
మా ఇంటి ముందున్న గడియారం టైము గురించి ఇప్పుడు మాట్లాడవద్దు.

ప్రాజెక్ట్-కంపైల్ పెట్టాను. మళ్లీ చిక్కు. బోర్డు ఫైల్లో నొక్కితే మూడు ఫోల్డర్లకూ పైనున్న "మిల్లు" ఫోల్డర్‌లో నడుస్తోంది. అక్కడ ఏమీ లేదు.

పాలమూరు_మర్రి
మూడింటినీ కలిపి ఒకే గిట్ రిపాజిటరీ (మార్పుల చరిత్ర దాచే చోటు) చేశారు కదూ?

గడియారం_పక్కన
అవును. ఒకే మిల్లు పని కదా అని.

పాలమూరు_మర్రి
మా పిల్లలమర్రి దగ్గరికి ఎప్పుడైనా వచ్చారా? దాదాపు మూడు ఎకరాల చెట్టు. ఊడలు దిగి మానులైపోయాయి. అసలు మొదలు ఏదని ఎవరినడిగినా తలో వైపు చూపిస్తారు. ఇమాక్స్ పరిస్థితీ అదే. గిట్ ఎక్కడుంటే అదే మొదలనుకుంటుంది, మీకు మాత్రం మూడు మొదళ్లు కావాలి. ఇమాక్స్ 29 ఉంటే ప్రాజెక్ట్-వీసీ-ఎక్స్‌ట్రా-రూట్-మార్కర్స్ అనే వేరియబుల్‌లో మేక్‌ఫైలు పేరు చేర్చండి. అప్పుడు గిట్ లోపల ఉన్నా మేక్‌ఫైలు కనిపించిన ఫోల్డర్‌నే మొదలుగా తీసుకుంటుంది. నూలు గారు చెప్పినట్టు మూడింటికీ మేక్‌ఫైలు పెడితే మొదలూ దొరుకుతుంది, ఆదేశమూ ఒకటే అవుతుంది, డైర్-లోకల్స్ కూడా అక్కరలేదు.

బత్తాయి_తోట
నా నాలుగేళ్ల డైర్-లోకల్స్‌ను రెండు వాక్యాల్లో తీసి పారేశారు. కానీ లోపలి ఫోల్డర్లలో కూడా మేక్‌ఫైళ్లు ఉంటే? నా దాంట్లో ప్రతి ఫోల్డర్‌కూ ఒకటి ఉంది. మీ గుర్తు మొదట దొరికిన దాని దగ్గరే ఆగిపోతుంది.

పాలమూరు_మర్రి
నిజమే, అక్కడ ఇది పనికిరాదు. మేక్‌ఫైలు కాకుండా వేరే గుర్తు పెట్టుకోవాలి. మొదలు ఫోల్డర్‌లో మాత్రమే ఉండే ఖాళీ ఫైలు ఏదైనా చాలు. లేదంటే మీ డైర్-లోకల్సే గుర్తు. అలా చూస్తే మీ నాలుగేళ్లు వృథా కాలేదు.

ఇంకొకటి. మూడు ప్రాజెక్టులకూ ఫలితం కనిపించే కంపైలేషన్ బఫర్ ఒకటే ఉంటే, ఒకటి నడుస్తుండగా ఇంకోటి మొదలుపెడితే మొదటిదాన్ని చంపమంటారా అని అడుగుతుంది. బఫర్ పేరు ముందు ప్రాజెక్టు పేరు చేర్చే ఏర్పాటు ప్రాజెక్ట్ ప్యాకేజీలోనే ఉంది, అది పెట్టుకోండి. అప్పుడు కింద పచ్చగా వచ్చింది ఎవరి పచ్చో తెలుస్తుంది.

మూడో_బెంచీ
నన్ను మొదట్లోనే తిట్టారు గానీ, వీఎస్ కోడ్‌లో ఇదంతా ఎలాగో చెబుతాను. మూడు ఫోల్డర్లనూ ఒకే వర్క్‌స్పేస్‌లో చేర్చాలి. ఒక్కో ఫోల్డర్‌లో టాస్క్స్ ఫైలు, అందులో బిల్డ్ టాస్కు. కంట్రోల్ షిఫ్ట్ బీ నొక్కితే...

విమ్ము_వదలను
ఇప్పుడున్న ఫైలుదే నడుస్తుందా?

మూడో_బెంచీ
లేదు, మూడింటి పేర్లూ చూపించి ఏది కావాలని అడుగుతుంది.

విమ్ము_వదలను
మరి?

మూడో_బెంచీ
అడుగుతుంది కాబట్టి పాతది ఎక్కదు కదా అన్నా! మిల్లు దాకా బస్సు ఛార్జీ మిగిలేది.

కోయిల్‌సాగర్
తమ్ముడి మాటలో న్యాయముంది. అసలు సమస్య ఎడిటర్‌ది కాదని నాకు మొదటి నుంచీ అనుమానం. గడియారం గారూ, బోర్డులోకి ఎక్కించేది ఎలా?

గడియారం_పక్కన
టెర్మినల్‌లో ఏవీఆర్‌డ్యూడ్ ఆదేశం చేత్తో కొడతాను. పై బాణం నొక్కితే పాతది వస్తుంది, ఎంటర్.

కోయిల్‌సాగర్
దొరికింది. ఎక్కించడం కూడా మేక్‌ఫైల్లోనే ఒక లక్ష్యంగా రాయండి. అది హెక్స్ ఫైలు (కంపైలై బోర్డుకు ఎక్కే ఫైలు) మీద ఆధారపడాలి, హెక్స్ మీ సీ ఫైళ్ల మీద ఆధారపడాలి. సీ ఫైలు మారితే ముందు కంపైల్ అవుతుంది, ఆ తర్వాతే ఎక్కుతుంది. ఎఫ్‌5 ఏ ప్రాజెక్టు మీద పడినా, అసలు నొక్కడమే మరిచిపోయినా, పాత హెక్స్ బోర్డుకు ఎక్కే దారి ఉండదు.

రెండోది, బోర్డుకు కరెంటు ఇవ్వగానే డిస్‌ప్లే మీద ఒక్క సెకను గిట్ కమిట్ సంఖ్యలో (దాచిన ప్రతి మార్పుకూ గిట్ ఇచ్చే గుర్తులో) మొదటి నాలుగు అక్షరాలు చూపించండి. మామూలు ఏడు గీతల డిస్‌ప్లే అయినా చాలు. కమిట్ సంఖ్యలో ఉండేవి అంకెలూ, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే. బీ, డీలను చిన్న అక్షరాలుగా వేస్తే అన్నీ ఆ ఏడు గీతల్లో పడతాయి. లారీ ముందు నిలబడే లోపే తెలిసిపోతుంది.

పుట్టపాక_నూలు
మగ్గం గొడవలో పడి దీన్ని చూడలేదు. చీర అంచున నేతగాడి గుర్తు వేసినట్టు. బాగుంది.

గడియారం_పక్కన
ఆలస్యంగా రాస్తున్నాను, మధ్యలో కరెంటు పని పడింది. మూడింటికీ మేక్‌ఫైళ్లు పెట్టాను. ఎఫ్‌5 కు ప్రాజెక్ట్-కంపైల్, గుర్తుగా మేక్‌ఫైలు పేరు, బఫర్లు వేర్వేరు. రీకంపైల్‌ను కంపైలేషన్ బఫర్ లోపల మాత్రమే వాడుతున్నాను, అక్కడ అది దాని ప్రాజెక్టునే మళ్లీ నడుపుతోంది. ఎక్కించడానికి మేక్ ఫ్లాష్. చేత్తో ఆదేశం కొట్టడం మానేశాను.

నిన్న మిల్లులో కరెంటు ఇచ్చాను. డిస్‌ప్లే మీద 3ఎఫ్9డి అని మెరిసి సున్నా వచ్చింది. సంచి బరువు ఒక్కసారే తీసింది. యజమాని ఏమీ అనలేదు, అదే చాలు. గుమస్తా మాత్రం పట్టుకున్నాడు. "మొదట వచ్చిన ఆ అంకె బరువులో కలపాలా?" అని.

బత్తాయి_తోట
వాడుక పుస్తకంలో రాయండి మరి, అందుకే కదా అది.

గడియారం_పక్కన
రాశాను అక్కా. ఎఫ్‌5 నొక్కితే పుస్తకం కంపైల్ అవుతోంది గానీ "ఫలానా పేజీ చూడండి" అన్న చోట పేజీ సంఖ్యకు బదులు రెండు ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఇదీ ఇమాక్స్ పనేనా?

పాతబడి_సారు
ఇమాక్స్‌ది కాదు, లాటెక్‌ది. మొదటిసారి పేజీ సంఖ్యలు ఒక ఫైల్లో రాసుకుంటుంది, రెండోసారి నడిపితే వాటిని చదివి పెడుతుంది. మేక్‌ఫైల్లో నేరుగా లాటెక్‌ను పిలవకుండా లాటెక్‌ఎంకేను పిలవండి, ఎన్నిసార్లు అవసరమో అదే చూసుకుని నడుపుతుంది.